సాకు చెప్పని గడియారం

“సార్, మీకు కావాల్సింది గడియారమా, పోలీసోడా?” అన్నాడు షాపు యజమాని భిక్షం.

బసవపున్నయ్యకు నవ్వు రాలేదు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆ ఎలక్ట్రానిక్స్ షాపులో అరగంటగా నిలబడి, ఆరు అలారం గడియారాలు మోగించి చూసి, ఆరింటినీ పక్కకు నెట్టేశాడాయన. సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. పొద్దున నిర్మాత వీరరాఘవయ్య పిలిచి ఒకే మాట చెప్పాడు.

“రేపు కూడా హీరో లేటైతే, ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు పున్నయ్యా.”

రేపు క్లైమాక్స్. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనరు తన బంగళా ఒక్కరోజు వాడుకోమన్నాడు. సాయంత్రం ఐదు కల్లా ఖాళీ చెయ్యాలి. ఎల్లుండి ఆయన అమెరికా క్లయింట్లు వచ్చి దిగుతారు. మళ్ళీ ఇవ్వడు.

హీరో సిద్ధార్థ ఒకప్పుడు చెప్పిన టైముకి గంట ఆలస్యంగా వచ్చేవాడు. వరసగా రెండు హిట్లు పడ్డాక ఆ గంట నాలుగు గంటలైంది. అడిగితే ఒకటే జవాబు: “నేనేం చెయ్యను పున్నయ్యగారూ, కరెంటు పోయి గడియారం ఆగిపోయింది.” పోనీ ఎవరినైనా పంపి లేపిద్దామంటే వాళ్ళమ్మ లీలాకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. నిద్రపోయేవాణ్ణి మనిషి తట్టి లేపితే ఆయుష్షు తగ్గుతుందట.

“కరెంటు పోయినా టైము తప్పకూడదు భిక్షం. తప్పిందని అబద్ధం చెప్పడానికి కూడా వీలుండకూడదు.”

“గట్ల చెప్పుండ్రి మరి.” భిక్షం స్టూలెక్కి పై అరలోంచి ఒక అట్టపెట్టె దింపాడు. “సింగపూర్ మాల్. గడియారం, రేడియో రెండూ ఇండ్లనే. దీనికి మనం టైము పెట్టే పనే లేదు, అదే పెట్టుకుంటది. లోపల చిన్న బ్యాటరీ ఉన్నది.”

ప్లగ్గు పెట్టగానే ఎర్రటి అంకెలు వెలిగాయి. 4:17. బసవపున్నయ్య చేతిగడియారం చూసుకున్నాడు. నాలుగూ పదిహేడే. తనే ప్లగ్గు పీకాడు. అంకెలు ఆరిపోయాయి. రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టాడు. 4:19. ఈసారి పీకి ఐదు నిమిషాలాగాడు. 4:24.

“ఎన్నిసార్లు పీకినా గంతే సార్. మీ చెయ్యే నొస్తది.”

“ఆపే మీట ఎక్కడుంది? పైనుంటే మావాడు కళ్ళు తెరవకుండానే నొక్కేస్తాడు.”

“ఎనక ఉన్నది. లేచి కూసుంటేగాని అందది. అలారానికి బజ్జరు పెట్టుకోవచ్చు, రేడియో పెట్టుకోవచ్చు. కానీ తెల్లారి ఐదింటికి రేడియో పెట్టకుండ్రి.”

“ఏం?”

“గప్పటికి ఆకాశవాణోళ్ళే లేవరు. ఒట్టి గుర్రుమని సప్పుడొస్తది.”

“ఆ చప్పుడే కావాలయ్యా! పాటొస్తే పడుకుని వింటాడు. గుర్రుమంటే లేచి కట్టేస్తాడు.”

ధర అడక్కుండానే ప్యాక్ చేయించాడు.

సాయంత్రం ఐదుకి వెళ్ళేసరికి సిద్ధార్థ అప్పుడే లేచి కాఫీ తాగుతున్నాడు. బసవపున్నయ్య గడియారాన్ని అతని మంచం పక్కనే పెట్టి, రెండుసార్లు ప్లగ్గు పీకి చూపించాడు.

“అంటే, కరెంటు పోయిందన్న మాటిక కుదరదన్నమాట.”

“కుదరదు బాబూ.”

లీలాకుమారి వంగి ఆ అంకెల్ని అనుమానంగా చూసింది. “ఇది లేపితే దోషం లేదులే. ప్రాణం లేనిదేగా” అంది.

సిద్ధార్థకి ఎందుకో రోషం వచ్చింది. “నన్నింత చేతకానివాణ్ణి చేస్తారా? రేపు ఎన్నింటికి?”

“ఆరింటికి బాబూ. బంగళా దగ్గర.”

“ఐదుకి పెట్టండి అలారం. ఆరు కొట్టేసరికి అక్కడుంటాను. చూద్దురుగాని.”

ఇలాంటి శపథాలు బసవపున్నయ్య చాలానే విన్నాడు. అలారం ఐదుకి పెట్టి, దణ్ణం పెట్టి బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున మోతీనగర్లో తన ఇంటి వరండాలో ఆయన గడ్డం గీసుకుంటుంటే సెల్ మోగింది.

“పున్నయ్యగారూ!” హీరో గొంతు. పొద్దుటి పూట ఆ గొంతు వినడం ఆయనకిదే మొదలు. “ఆరింటికి ఐదు నిమిషాలుండగానే వచ్చాను. ఇప్పుడు ఆరూ ఇరవై. నా జన్మలో మొదటిసారి టైముకొస్తే, బంగళా గేటుకి తాళం! కెమెరా లేదు, డైరెక్టర్ లేడు, టీ ఇచ్చే దిక్కు లేదు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్విపోతున్నారు!”

“బాబూ, ఒక్క మాట...”

“టైముకి రాని యూనిట్‌తో నేను చెయ్యను. ఇంటికెళ్ళి పడుకుంటున్నా. ఆ గడియారం పీకి అవతల పారేస్తా. సాయంత్రం దాకా ఎవరొచ్చినా గడప దాటనివ్వొద్దని అమ్మకి చెప్పేశాను.”

ఫోన్ కట్టయిపోయింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో బసవపున్నయ్య కుర్చీలో కూలబడ్డాడు.

కాఫీ తెచ్చిన సత్యలక్ష్మి భర్త మొహం చూసి కంగారుపడింది. “ఏమైందండీ? హీరో రానన్నాడా?”

“వచ్చాడు. చెప్పినట్టే ఆరింటికి వచ్చాడు.”

“మరి మీరంతా ఎక్కడ చచ్చారండీ?”

బసవపున్నయ్య బ్రష్షు చేత్తో పట్టుకుని దీనంగా చూశాడు.

“షూటింగు పదింటికే సత్యా. అతను పదింటికి రావాలంటే ఆరని చెప్పాలిగా!”