చుక్క కారని గూడు

వేపచెట్టు మీద కాకమ్మ ఈసారి పుల్లలు ఏరే కష్టం పెట్టుకోలేదు. సంతలో జనం పారేసిన ప్లాస్టిక్ కవర్లు తెచ్చి పాత గూడంతా పరిచి, నాలుగు గుడ్లు పెట్టింది.

పక్క కొమ్మ మీది గువ్వమ్మ గూడు చూసి కాకమ్మ పకపకా నవ్వింది. "అదేం గూడు వదినా? కింద నిలబడితే గుడ్లు కనిపిస్తున్నాయి! నా గూడు చూడు, చుక్క కారదు."

"కారితే కారనీలే వదినా, ఎండొస్తే ఆరిపోతుంది" అంది గువ్వమ్మ.

ఆ సాయంత్రం కుండపోత వాన. ఇద్దరూ గుడ్ల మీద రెక్కలు చాచి కూర్చున్నారు. గువ్వమ్మ గూట్లో పడ్డ నీళ్లు పుల్లల సందుల్లోంచి జారిపోయాయి. కాకమ్మకు మాత్రం పొట్ట కింద చల్లగా తగిలింది. లేచి చూసి కెవ్వుమంది. గూటి నిండా నీళ్లు. అడుగున నాలుగు గుడ్లు.

"ఏమైంది వదినా?" అంటూ గువ్వమ్మ ఎగిరొచ్చింది.

కాకమ్మ నీళ్లలో మునిగిన గుడ్లకేసి చూసింది.

"కారలేదు వదినా... ఒక్క చుక్క కూడా కారలేదు!"