ఊడిన గుండీ

"పై గుండీ ఏది?"

వెల్డింగు పరీక్ష పెట్టే ఒడెట్ ఫాంటెనో వేలు తన తోలుకోటు మెడ దగ్గర ఆగేసరికి అల్సీడ్ గిడ్రీ గడ్డం దించి చూసుకున్నాడు.

"ఊడిపోయింది మేడమ్. మొన్ననే."

"తలపైన వెల్డింగు చేస్తే నిప్పురవ్వలు వానలా మీదికే రాలతాయి. ఒక్కటి ఆ సందులో దూరిందంటే మెడకింద బొబ్బే. ఇన్నేళ్ళు ఓడల యార్డులో పనిచేసినవారు, ఇది నేను చెప్పాలా మీకు?"

అల్సీడ్ తలూపాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు. తీస్తే వణుకు బయటపడుతుంది.

ఆ వణుకుతోనే వచ్చింది తంటా అంతా. సోమవారం నుంచి అతణ్ణి కొత్త ఓడ పరంజా మీదికి ఎక్కిస్తారు. ఎక్కకుండా ఉండాలంటే దారి ఒక్కటే, కింద నిలబడి ఇతరుల పని తనిఖీ చేసే ఉద్యోగం. దానికి రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ కావాలి. అతని దగ్గరున్నది పాత వెల్డింగు సర్టిఫికెట్. దాన్ని డిగ్రీగా మార్చుకోవడానికి లూసియానాలోని ఈ చిన్న కాలేజీలో సాయంకాలాలు కూర్చుని ఇంగ్లీషు, లెక్కలు గట్టెక్కాడు. మనవరాలి ఈడు పిల్లల ముందు చెమటలు కక్కుతూ ఉపన్యాసం కూడా ఇచ్చాడు. తీరా ఒడ్డు చేరాక మెలిక పెట్టారు. సర్టిఫికెట్ మరీ పాతబడింది, అది చెల్లాలంటే వెల్డింగు పరీక్ష మళ్ళీ ఇవ్వాలట!

"మేడమ్, ఈ పరీక్ష ఒక్కటీ లేకుండా చూడలేరా?"

"కుదరదు. మీరు ప్లేటు అతకండి. నేను పట్టీలు కోసి ప్రెస్సులో వంచుతాను. అతుకు పగిలితే డిగ్రీ లేదు. మా నాన్నొచ్చి అడిగినా ఇదే మాట."

"మీ నాన్న చేతులూ ఇలాగే వణికేవమ్మా." అల్సీడ్ నోరు జారింది. "ఆయన పరంజా మీంచి పడిన రోజు కింద నేనే ఉన్నాను."

ఒడెట్ మొహం గట్టిపడింది. అప్పుడే పోసుకున్న కాఫీ కప్పును బల్ల మీద టక్కున పెట్టింది.

"ఆ సంగతి ఇప్పుడెందుకు? చివరి బూత్ మీది. వెళ్ళండి."

"ముందొకసారి బాత్రూముకి..."

"భయం వేస్తే అందరికీ అంతే. వెళ్ళి త్వరగా రండి."

అల్సీడ్ బూత్‌లో ప్లేటు బిగించి, కోటూ ముఖానికి దించుకునే హుడ్డూ కొక్కేనికి తగిలించాడు. పెరటి తలుపు గడియ చప్పుడు కాకుండా తీశాడు. తన బదులు ప్లేటు అతకడానికి ఆ తలుపులోంచే స్నేహితుడు క్లోవిస్ రావాలి. యార్డులో తలపైన వెల్డింగు చేయడంలో వాడే మొనగాడు. హుడ్డు దించాక లోపలున్నది ఎవరైతేనేం, మొహం కనబడి చస్తుందా?

"దొరికితే?" అని పొద్దున అడిగాడు అల్సీడ్.

"దొరికితే నువ్వు పరంజా మీదికి, నేను చేపలు పట్టడానికి," అన్నాడు క్లోవిస్, నోటినిండా బూడాన్ సాసేజ్ కుక్కుకుని.

బాత్రూములో తలుపు వేసుకుని అల్సీడ్ చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు. ఇంకా లేదు. వీపు మీద చెమట కారుతోంది. వీడు రాడా? తాగి పడుకున్నాడా?

అంతలో మొదలైంది. చిటచిటమని, బాణలిలో వేపుడు వేగుతున్నట్టు, ఎక్కడా తడబడని శబ్దం.

"వచ్చాడు, దొంగవెధవ!"

ఊరట వెనకే సిగ్గు పొడుచుకొచ్చింది. ఒకప్పుడు ఆ శబ్దం తన చేతుల్లోంచి వచ్చేది.

శబ్దం ఆగాక కాసేపు ఓపికపట్టి, పెరటి తలుపులోంచి బూత్‌లోకి దూరాడు. ఎవరూ లేరు. కోటు కొక్కేనికే ఉంది. ప్లేటు ఇంకా సెగలు కక్కుతోంది. అతుకు చేప పొలుసులు పేర్చినట్టుంది. క్లోవిస్ గాడి మోటు చేతిలో ఇంత నాజూకుతనం ఉందా!

కోటు తొడుక్కుని, పట్టకారుతో ప్లేటు పట్టుకుని ముందుకొచ్చాడు. ఒడెట్ బల్ల దగ్గరే ఉంది. కాలరు మెడదాకా ఎత్తుకుని, అప్పటిదాకా ముట్టని కాఫీని నోట పెట్టుకుని, చల్లారిపోయి ఉండటంతో మొహం చిట్లించింది.

అతుకును ఎగాదిగా చూసింది. "మీ పనేనా?"

అల్సీడ్ పట్టకారును మరింత బిగించాడు. "ఆ... అవును మేడమ్."

ఆమె ప్లేటు చల్లార్చి, పట్టీలు కోసి, గీకి, ప్రెస్సులో పెట్టింది. ఇనుము మూలుగుతూ వంగుతుంటే అల్సీడ్ కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి. ఎక్కడా పగల్లేదు. పాసయ్యారు."

"మేడమ్..."

"థాంక్సులొద్దు. సోమవారం పరంజా ఎక్కినట్టు తెలిసిందో, నేనే వచ్చి కాలు పట్టుకుని కిందికి లాగుతాను."

గేటు బయట క్లోవిస్ ట్రక్కు కనబడగానే అల్సీడ్ పరుగులాంటి నడకతో వెళ్ళాడు. క్లోవిస్ స్టీరింగు మీద తల వాల్చుకుని ఉన్నాడు.

"ఒరేయ్, బంగారు చేతులురా నీవి!"

"తిట్టరా, ఎంత తిడితే అంత తిట్టు," అన్నాడు క్లోవిస్ తలెత్తకుండానే. "కాలేజీ కార్డు లేదని ఆ గార్డు దున్నపోతు నన్ను లోపలికి వదల్లేదు. ఫోను చేస్తే నీది ఈ సీటు కిందే మోగింది. పరీక్ష పోయినట్టేనా?"

"ఎగతాళి ఆపరా."

"ఎగతాళా? వాణ్ణే అడుగు!"

గార్డు కిటికీలోంచి అరిచాడు. "ఈయన మీ మనిషేనా బాబూ? ఇందాకటి నుంచీ నా బుర్ర తినేశాడు. తీసుకుపో!"

అల్సీడ్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

వర్క్‌షాపు గుమ్మంలో ఒడెట్ నిలబడి ఉంది. కాలరు దించుకుని, చల్లటి సోడా డబ్బా మెడకింద అదుముకుంటోంది. అతని చూపు తగలగానే చెయ్యి దించేసింది. సరిగ్గా అతని కోటుకి పై గుండీ ఉండాల్సిన చోట, అప్పుడే పొంగిన బొబ్బ.