నానె కొడుకు పగ

పెద్ద కాలువ దాటించే రేవు పడవలో వెనిస్ వాళ్లెవరూ కూర్చోరు. చంకన సంచీ పెట్టుకుని, నిలబడే దాటేస్తారు.

ఆ రోజు పొద్దున ఒక ముసలి పరదేశి ఎక్కి, అంచు పట్టుకుని చతికిలబడ్డాడు.

చేపల బజారుకు పోతున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

"కూర్చోనివ్వవే. ఊరి కంటే ముందు తానే మునిగిపోతానని భయం కాబోలు" అంది ఒకావిడ.

తెడ్డు వేస్తున్న బాస్తియాన్ కూడా నవ్వబోయాడు. అంతలో ముసలాయన టోపీ తీశాడు.

ఎడమ చెంప నిండా మచ్చ. ద్రాక్షసారా ఒలికినట్టు, ఎర్రగా, చెవి దాకా పాకింది.

బాస్తియాన్ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

ఆ మచ్చ కోసం అతను ఎంతమంది యాత్రికుల ముఖాలు వెతికాడో ఆ దేవుడికే తెలియాలి.

బాస్తియాన్ తండ్రి నానె కూడా ఈ రేవు మనిషే. ఒకనాడు తోళ్లవాళ్ల వంతెన దగ్గరి సన్న కాలువలో ఒంటరిగా పడవ నడుపుకొస్తుంటే, యాత్రికుల్ని ఎక్కించుకున్న మోటారు పడవ ఒకటి మలుపు తిరిగి గుర్రంలా దూసుకొచ్చింది. దాని అల నానెను ఎత్తి గోడకేసి కొట్టింది. అప్పుడు బాస్తియాన్ సైన్యంలో ఉన్నాడు, ఎక్కడో కొండల్లో. కబురంది వచ్చేసరికి శవపేటిక మూత కూడా వేసేశారు.

పడవ నడిపినవాడు జైలుకు పోయి, తిరిగొచ్చి, తాగి తాగి పోయాడు. వాడి సంగతి అలా తీరిపోయింది. కానీ పై అంతస్తు కిటికీలోంచి చూసిన జిల్డా అత్త ఇంకో మాట చెప్పింది. చెంప మీద మచ్చ ఉన్న పరదేశి ఒకడు ఆ పడవలో లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ అరిచాడట. ఇంకా జోరుగా పోనీ అనే అయ్యుంటుంది, వాళ్లకదో వినోదం. అల లేచాక చూడలేక ఆవిడ కిటికీ మూసేసుకుంది.

పేటంతా ఆ మాటే నమ్మింది. పాము పగ పన్నెండేళ్లంటారు. బాస్తియాన్ పగకు ఆ గడువు కూడా లేదు.

అవతలి ఒడ్డున అందరూ దిగారు. ముసలాయన మాత్రం దిగలేదు. వచ్చీరాని మాటల్లో, తోళ్లవాళ్ల వంతెన దగ్గరి కాలువ చూడాలి, తీసుకుపోతావా అని అడిగాడు.

చంపిన చోటు చూడ్డానికి యాత్రకొచ్చాడన్నమాట, అనుకున్నాడు బాస్తియాన్.

"రండి" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి పళ్లు బిగించాల్సి వచ్చింది.

రేవు పడవను తోటివాడికి అప్పగించి, ముసలాయన్ని తన గొండోలా పడవలో ఎక్కించుకున్నాడు. పొగమంచు కాలువను కమ్మేసింది. ఇంకెవరైనా అయితే ఈ మేడ ఎవరిది, ఆ గోపురం ఏమిటి అని ప్రాణం తోడేసేవారు. ఈయన తలెత్తి ఒక్క మేడైనా చూడలేదు.

నానె పోయిన గోడ పక్కనే పాడుబడ్డ ఇల్లొకటి ఉంది. గుమ్మం ఇటుకలతో మూసేశారు. నీళ్లలోకి దిగే మెట్లు మాత్రం మిగిలాయి, నాచు పట్టి.

"దిగి చూడండి. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది."

ముసలాయన గోడ పట్టుకుని దిగి నిలబడ్డాడు. బాస్తియాన్ తెడ్డుతో మెట్టును ఒక్క తోపు తోశాడు. ఇద్దరి మధ్యా నీళ్లు విచ్చుకున్నాయి.

"నేనెవరో తెలుసా? ఇక్కడ చచ్చిపోయిన నానె కొడుకుని. బాస్తియాన్‌ని."

ముసలాయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. రెండు చేతులూ ముందుకు చాచాడు.

ఆ నవ్వు చూసి బాస్తియాన్ పడవను ఇంకా వెనక్కి లాగాడు.

"అరుచుకో. ఆ రోజు అరిచావుగా, అలాగే అరుచుకో. మోటారు పడవ వస్తుందేమో."

వెనక్కి చూడకుండా మంచులోకి పోయాడు.

మధ్యాహ్నం, కాలువల్లో నీళ్లు పైకొస్తున్నాయని హెచ్చరిస్తూ పోటు సైరన్ మోగింది. బాస్తియాన్ ద్రాక్షసారా కొట్టులో ఉప్పుచేప రొట్టె తింటున్నాడు. తండ్రి పోయాక నోటికి తిండి రుచి తగలడం అదే మొదలు. జరిగిందంతా చెప్పాడు. అందరూ వీపు తట్టారు. నానె ఆత్మ చల్లబడిందన్నారు.

అప్పుడే లోపలికొచ్చిన టాక్సీ పడవ నడిపే తుల్లియో ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆయన్ని నేనే ఎక్కించుకున్నానురా. మోకాళ్ల దాకా నీళ్లు, గజగజ వణుకుతున్నాడు. టోపీ కిందికి లాక్కున్నాడు, మచ్చ చూడలేదు. చూస్తే ఎక్కించుకుంటానా? ఎవడు దించాడు తాతా అంటే, నేనే దిగాను అన్నాడు. రైలు దగ్గర వదిలేశాను. పేరు కూడా చెప్పలేదు."

ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు అని కొట్టంతా నవ్వింది. బాస్తియాన్ కూడా నవ్వాడు.

మూల బల్ల దగ్గరి ఉలీస్సె ఒక్కడే నవ్వలేదు. ఆయనది అవతలి దీవి. ఒకప్పుడు ఆసుపత్రి పడవ నడిపేవాడు. మనవరాలి పెళ్లికి పిలవడానికని ఈ పేటకు వచ్చాడు.

"మచ్చ ఎడమ చెంప మీదేనా?" అని అడిగాడు.

"అవును బాబాయ్. నీకెలా తెలుసు?"

ఉలీస్సె గ్లాసు పక్కకు జరిపి, మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ పరదేశి చేతులెత్తి ఆపు ఆపు అని మొత్తుకున్నా తను వినలేదని, మోటారు పడవ నడిపినవాడు ఆ రోజే ఉలీస్సె ముందు ఏడుస్తూ ఒప్పుకున్నాడట. నానెను తీయడానికి ఉలీస్సె ఆసుపత్రి పడవ తీసుకెళ్లేసరికి, ఆ పరదేశే మెడ లోతు నీళ్లలో నిలబడి, నానె తలను తన భుజాన ఆన్చుకుని ఉన్నాడట.

బాస్తియాన్ చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేశాడు.

"నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

"మీ అమ్మకు చెప్పాను. ఆ రోజు ఆ తల్లికి ఏం చెవికెక్కిందో ఏమో. ఒక్కటి మాత్రం ఆవిడకీ చెప్పలేకపోయానురా. మీ నాన్నకు అప్పటికే చూపు పోయింది. 'బాస్తియా, వచ్చావా' అని చేత్తో తడుముకుంటుంటే, ఆ మనిషి ఆ చేయి పట్టుకుని, వచ్చీరాని మన మాటల్లో, 'వచ్చాను నాన్నా' అన్నాడు."