దరి చూపే దీపం

దొరగారు వేసవికి కొండలకు వెళ్లాక, రాజమండ్రి మిషను బంగళా లోపల ఆయా దీనమ్మ ఒక్కతే పడుకుంటోంది. హాల్లో దొరగారు తమ సీమ నుంచి తెచ్చిన సముద్రం పటం ఉంది. అందులో ఒంటరి పడవ, దాని చుట్టూ ఈదే చేపతోక ఆడవాళ్లు. చేపల వేటకెళ్లి తిరిగిరాని మగవాళ్ల కోసం ఆమె ఊరు ఉప్పాడలో ఒడ్డున దీపం పెడతారు. మొగుణ్ణి కడలికిచ్చిన దీనమ్మ అలాంటి దీపమే ఆ పటం ముందు పెట్టింది.

“మనం కిరస్తానీలం. బొమ్మకి దీపమేంటమ్మా? ఆర్పెయ్యండి,” అన్నాడు కాపలాదారు యెహెజ్కేలు గుమ్మంలోంచి.

“ఆర్పితే ఆయనకి దరి కనబడదండీ.”

అతను గొణుక్కుంటూ గేటు దగ్గరికి పోయాడు.

అర్ధరాత్రి ఉప్పువాసనకు ఆమెకు మెలకువ వచ్చింది. లేచి వెళ్లి పటం చూసింది. పడవ ఉన్నచోటే ఉంది. ఆడవాళ్లు లేరు.

వెనక, బరువైన తడిచేపను గచ్చు మీద ఈడుస్తున్న చప్పుడు. జాలరి పెళ్లానికి ఆ చప్పుడు బాగా తెలుసు.

అది దీపం వైపే వస్తోంది.