బూట్లు విప్పకండి

ఆ ఉదయం చేయవలసిన పనులు: మొహం కడుక్కోవాలి. జుట్టు ముడేసుకోవాలి. నడవ దాటి వీధి తలుపు దాకా వెళ్ళాలి. గొలుసు తీయాలి. వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వకూడదు. గొంతు వణకకూడదు.

గంట మోగింది. ఆమె తలుపు తీసింది.

"నా పేరు కురమొచి అండీ. మసుమిని తీసుకెళ్ళడానికొచ్చాం."

మెట్ల కింద వ్యాను, దాని పక్కన ఇద్దరు దిట్టమైన కుర్రాళ్ళు. గదిలో తలుపేసుకుని ఉండిపోయినవాళ్ళను బయటికి లాగి హాస్టల్లో పెట్టడం కురమొచి వ్యాపారం.

"మీ అమ్మగారు ఫోన్లో ఒకటే ఏడుపు. బిడ్డ గది దాటి ఏళ్ళయిందట కదా!" అంటూ గుమ్మంలో కూర్చుని ఒక బూటు విప్పాడు.

"బూట్లు విప్పకండి."

అతను తలెత్తాడు. "మీరు ఈ ఇంటి అమ్మాయేనా? ఇంట్లోనే ఉంటారా?"

"ఇంట్లోనే."

"అమ్మకి పనిలో సాయమన్నమాట. మంచిది. మసుమి అంటే మీ తమ్ముడే కదా, గది ఎటు?"

"మసుమిని తీసుకెళ్ళడానికి వీల్లేదు."

"చూడమ్మా, గది గుమ్మంలోకే కంచం వస్తుంటే ఎవడు బయటికొస్తాడు? మావాళ్ళు రెండు గుద్దులు గుద్దితే తలుపు అదే తెరుచుకుంటుంది."

"తలుపు తెరుచుకుంటుంది. మనసు మూసుకుపోతుంది."

"అబ్బో! వాడి తరఫున బాగానే వకాల్తా పుచ్చుకున్నారే. వాడికేం కావాలో మీకెలా తెలుసు?"

ఆమె గుమ్మానికి అడ్డంగా జరిగింది. "ఆదివారం వార్డు హాల్లో ఒక సమావేశం ఉంది. ఇలా గదుల్లో ఉండిపోయినవాళ్ళే పెట్టుకున్నారు. మాట్లాడక్కర్లేదట, వెనక కుర్చీలో కూర్చుంటే చాలట. మసుమికి అక్కడికి వెళ్ళాలనుంది. తన కాళ్ళతో."

"వెళ్ళలేకపోతే?"

"పై ఆదివారం మళ్ళీ ప్రయత్నం. ఎవరూ లాక్కెళ్ళకూడదు, అంతే."

కురమొచి ఆమె భుజం మీదుగా చూశాడు. వంటింటి గుమ్మంలో తల్లి ఫుసాయె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వెనక పొయ్యి మీద సూపు పొంగుతున్నా చూడటం లేదు.

"అమ్మగారూ, మమ్మల్ని పిలిచింది మీరు. మీరే చెప్పండి."

"తను చెప్పిందే," అంది ఫుసాయె. గరిటె ఉన్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

కురమొచి గొణుక్కుంటూ బూటు తొడుక్కున్నాడు. "ఇక వాడి పని అంతే. పేరు కూడా ఎవరికీ గుర్తుండదు," అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె పేరు మీరు గుర్తుంచుకోండి: మసుమి.