తోడబుట్టినవాళ్ళకు మాత్రమే

“ఆయన నీకేమవుతాడని అడుగుతోంది,” అంది దుబాసీ ఆవిడ, ఆస్పత్రి కౌంటర్లోని అమ్మాయి మాటను తెలుగులోకి మారుస్తూ.

“అన్న, అక్కా!” అన్నాడు పెయింటరు. వాడి చొక్కా మీద రంగు మరకల పక్కనే రక్తం ఎండిపోయి ఉంది. నిన్న పరంజా మీంచి జారిపడ్డ మేస్త్రిని మోసుకొచ్చింది వాడే.

“నన్నూ అక్కా అనే అంటున్నావు కదా బాబూ! ఇక్కడ అన్నంటే ఒకే కడుపున పుట్టినవాడే. రక్తసంబంధం ఉంటేనే లోపలికి పంపిస్తారు, అదీ ఒక్కరినే. ఆలోచించుకుని చెప్పు.”

నిన్నటి నుంచీ వాడు ఆ తలుపు ముందే పడిగాపులు పడి ఉన్నాడు. మేస్త్రి లోపల ఒంటరిగా ఉన్నాడన్న బెంగతో పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు.

“తోడబుట్టిన అన్నే,” అన్నాడు తల దించుకుని.

ఆవిడ నిట్టూర్చి ఆ మాటే అటు చెప్పింది. చీటీ వాడి చేతికొచ్చింది.

లోపల మేస్త్రి తలకు కట్టు, నోట్లో గొట్టం. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా వదల్లేదు. పక్కన మిషను ఊపిరి పోస్తోంది. “నేనొచ్చానన్నా,” అంటూ చెయ్యి పట్టుకున్నాడో లేదో, డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు.

“మెదడు పోయిందట బాబూ,” అంది దుబాసీ. “మిషను తీస్తే ప్రాణం ఆగిపోతుందట. తీయాలో వద్దో తోడబుట్టినవాడివి నువ్వే చెప్పాలట.”

వాడు అన్న పక్కన కాసేపు కూర్చుంటే చాలనుకున్నాడు గానీ, ఆయన ప్రాణం మీద సంతకం పెట్టాల్సి వస్తుందని అనుకోలేదు.

“నేనా? నేనెలా చెబుతానక్కా?”

“ఆయనకి ఇంకెవరైనా ఉన్నారా?”

ఉన్నాడు. ‘తమ్ముడొకడున్నాడు గానీ, వాడికీ నాకూ మాటల్లేవురా’ అని మేస్త్రి ఒకసారి రంగు కలుపుతూ అన్నాడు. ఆ మాట చెబితే అబద్ధం బయటపడుతుంది, మెడపట్టి గెంటేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాటల్లేని తమ్ముడు వస్తాడో రాడో, అందాకా అన్న ఇక్కడ దిక్కులేనివాడిలా పడి ఉండాలా?

“ఎవరూ లేరు,” అన్నాడు. “రేపటిదాకా ఆగకూడదా అక్కా?”

ఆవిడ అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “రేపైనా ఇంతేనట,” అంది దుబాసీ. “ అది ఆయన్ని హింసపెట్టడమేనట.”

సంతకం పెట్టాడు. మిషను ఆగాక ఎంతోసేపు పట్టలేదు. ఆ చెయ్యి చల్లబడేదాకా వదలకుండా, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

చీటీ తిరిగి ఇవ్వడానికి వస్తే కౌంటర్లో అమ్మాయి దుబాసీతో ఏదో అంది. ఆవిడ ముఖం పాలిపోయింది.

“ఏమంటోందక్కా?”

“నువ్వు లోపలున్నప్పుడు ఇంకొకాయన వచ్చాడట. ‘మా అన్న, ఒక్కసారి చూడనివ్వండి’ అని వచ్చీరాని మాటల్లో కాళ్ళావేళ్ళా పడ్డాడట. మావాళ్ళు ఎవర్నైనా అన్నా అంటారని ఈ అమ్మాయికి పొద్దున నేనే నవ్వుతూ చెప్పాను. ‘అసలు తమ్ముడు లోపలున్నాడు, ఫో’ అని పంపేసిందట.”

ఆవిడ వాడి చేతిలోని చీటీ తీసుకుని కౌంటరు మీద పెట్టింది.

“ముఖం మాత్రం అచ్చం ఆయన పోలికేనట.”