ఒళ్లు చేసిన కొడుకు

"ఓ అత్తా, నా కొడుకు ఒళ్లు చేసిండే!" ముత్తమ్మ గడపలోంచే కేకేసి, ఏడాది నిండని లచ్చయ్యను చంకకెత్తుకుంది.

దొరసాని బిడ్డకు పాలివ్వడానికి కాన్పైన నెలకే ఆమెను గడీకి తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి రానివ్వడం ఇదే మొదలు.

"నువ్వు చేయలేదా? గడీ నెయ్యి నీ చెంపల మీదనే కనవడ్తున్నది," అంది అత్త పెంటమ్మ, పొయ్యి ముందు నుంచి లేవకుండా.

"పాలు పడాల్నని కూసోవెట్టి తినవెడ్తరు. పప్పు, నెయ్యి, ఎల్లిపాయ కారం. ముద్దముద్దకు వీడే యాదికొచ్చేటోడు. ఇగ నా మనసు నిమ్మలమైంది. వీనికేం తినవెట్టినవ్?"

"జొన్న గంజి. ఉన్న ఒక్క బర్రె పాలు గూడ గడీకే పాయె."

"గంజికే గిట్లయిండా! సూడు, కాళ్లు బూరెల లెక్కున్నయ్."

ముద్దు పెట్టుకుంటే పిల్లాడు నవ్వలేదు, ఏడవనూ లేదు.

పెంటమ్మ లేచొచ్చి, మనవడి పాదాన్ని బొటనవేలితో అదిమి వదిలింది. అక్కడ గుంట పడింది. ముత్తమ్మ ఎంతసేపు చూసినా అది పూడలేదు.

"ఒళ్లు గాదు బిడ్డా, నీరు. తిండి లేక వచ్చిన వాపు."

ముత్తమ్మ కూలబడి, గబగబా రవిక ముడి విప్పింది. పాలు వాటంతటవే పిల్లాడి పెదాల మీద పడ్డాయి. ఆ రుచి మరిచిపోయిన లచ్చయ్య మొహం తిప్పుకున్నాడు.

వాకిట్లోంచి గడీ మనిషి కేకేశాడు.

"ముత్తమ్మా, జల్ది నడువు! చిన్నదొర ఆకలికి ఏడుస్తున్నడు."